చలి జాకెట్ ఏది కొనాలి? మీ ప్రశ్నలు, మా జవాబులు

కార్తీకమాసం మొదలైందంటే చాలు మనకొచ్చే ఉత్తరాల్లో సగం చలి జాకెట్ల గురించే. బెజవాడ, గుంటూరు వాళ్ళకి చలంటే డిసెంబర్లో తెల్లారుజామున ఫ్యాన్ ఆపేసి దుప్పటి కప్పుకోవడం, అంతకుమించి మనకి అలవాటు లేదు, అందుకే కొండల మీదకి ప్రయాణం అనగానే షాపుకెళ్ళి ఏది లావుగా కనిపిస్తే అది తెచ్చేసుకుంటాం. అసలు జాకెట్ వేడి పుట్టించదండీ. వేడి పుట్టేది మన ఒంట్లో. లోపలున్న గాలిని కదలకుండా పట్టుకుని ఆ వేడి బయటికి పోకుండా చూడటమే జాకెట్ పని. తడి తగిలినా, ఈదురుగాలి దూరినా ఆ పని చెడుతుంది. ఏ జాకెట్ చూసినా ముందు ఈ రెండిటి సంగతి అడగండి, లావు సంగతి తర్వాత.

ప్రశ్న: అన్నా, మా ఫ్రెండ్స్ బ్యాచ్ అందరం డిసెంబర్ చివర్లో ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్తున్నాం. డౌన్ జాకెట్ కొనాలా సింథటిక్ కొనాలా తేలట్లేదు. ఒకడేమో 800 ఫిల్ పవర్ లేకపోతే దండగ అంటాడు, ఇంకొకడు మైనస్ 10 అని ట్యాగ్ మీద ఉన్నదే కొను అంటాడు. బడ్జెట్ ఆరు వేలు.
*ఇంజనీరింగ్ స్టూడెంట్, కానూరు*

జవాబు: తమ్ముడూ, ముందు మీరు వెళ్ళే చోటు లెక్క చూద్దాం. బేస్ ఊరు సాంక్రీ సుమారు 1,900 మీటర్ల ఎత్తులో ఉంటుంది, శిఖరం 3,800 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, అంటే సాంక్రీలో ఎంత చలి ఉందో దానికన్నా పైన ఇంకో పన్నెండు డిగ్రీలు తక్కువ అనుకో. పైగా సూర్యోదయం చూడాలని అర్ధరాత్రి దాటాక చీకట్లోనే ఎక్కడం మొదలుపెడతారు, అంటే రోజు మొత్తంలో చల్లటి వేళకే మీరు శిఖరం దగ్గర ఉంటారు, అక్కడ గాలి కూడా గట్టిగా కొడుతుంది.

ఇప్పుడు డౌన్ అంటే ఏంటో చూడు. బాతుకి గానీ హంసబాతుకి గానీ పై ఈకల కింద, పొట్ట దగ్గర, మెత్తటి నూగు ఉంటుంది, దానికి ఈకలాగా మధ్యలో కాడ ఉండదు, అన్ని వైపులా విచ్చుకునే సన్నటి పోగులే. ఆ పోగుల మధ్య గాలి చిక్కుకుంటుంది. మనిళ్ళల్లో బూరుగు దూది పరుపు ఎండలో వేసి దులిపితే పొంగి ఎంత వెచ్చగా ఉంటుందో, అణిగిపోయి గడ్డ కట్టాక ఎంత దండగో చూశావు కదా, ఇదీ అంతే, వెచ్చదనం అంతా ఆ పొంగులోనే ఉంది. ఫిల్ పవర్ అనేది ఆ పొంగుకి కొలత. ఒక ఔన్సు నూగు, అంటే 28 గ్రాములు, ఎన్ని ఘనపుటంగుళాల చోటు నింపుతుందో ఆ అంకె. 800 అంటే 800 ఘనపుటంగుళాలు.

మీ ఫ్రెండ్ చెప్పని సంగతి ఏంటంటే ఆ అంకె నూగు ఎంత మంచిదో చెప్తుంది గానీ జాకెట్లో ఎంత పోశారో చెప్పదు. 800 నూగు 80 గ్రాములే పోసిన జాకెట్ కన్నా 600 నూగు 200 గ్రాములు పోసిన జాకెట్ చాలా వెచ్చగా ఉంటుంది, బరువు కాస్త ఎక్కువుంటుంది అంతే. అందుకని ఫిల్ పవర్ చూసి ఆగిపోకు, ఫిల్ వెయిట్ ఎన్ని గ్రాములు అని అడుగు, ట్యాగ్ మీద లేకపోతే షాపు వాళ్ళని అడుగు, వాళ్ళకీ తెలియకపోతే చేత్తో పట్టుకుని రెండు జాకెట్లు పక్కపక్కన పెట్టి పొంగు చూసుకో.

ఇక మైనస్ 10 అనే అంకె. స్లీపింగ్ బ్యాగులకి ఐఎస్ఓ 23537 అని ఒక పద్ధతి ఉంది, మనిషి ఒంటిలా వేడి పుట్టించే బొమ్మని లోపల పడుకోబెట్టి కొలుస్తారు, కాబట్టి ఒక కంపెనీ అంకెని ఇంకో కంపెనీ అంకెతో పోల్చుకోవచ్చు. మనం కొనుక్కునే మామూలు జాకెట్లకి అలా అందరూ పాటించే కొలత లేదు. ఎవరి అంకె వాళ్ళది. ఒకళ్ళు నడుస్తున్న మనిషిని లెక్కలోకి తీసుకుంటారు, ఇంకొకళ్ళు లోపల రెండు పొరలు వేసుకున్నాడు అనుకుని రాస్తారు. ఒకే కంపెనీ జాకెట్లు రెండు పోల్చుకోవడానికైతే ఆ అంకె పనికొస్తుంది.

నీ ప్రశ్నకి సూటిగా చెప్పాలంటే డిసెంబర్ చివర్లో అక్కడ పడేది ఎక్కువగా పొడి మంచు, వాన కాదు, కాబట్టి డౌన్ సరిపోతుంది, తేలిగ్గా ఉంటుంది, చిన్న సంచీలో ఇమిడిపోతుంది. హుడ్ ఉన్నదే తీసుకో. ఆరు వేలల్లో టోపీ ఉన్న ఒక మాదిరి డౌన్ జాకెట్ వెతికితే దొరుకుతుంది. దొరక్కపోతే బాధపడకుండా మంచి సింథటిక్, అంటే పాలిఎస్టర్ దూది పెట్టినది, తీసుకో, కాస్త బరువు మోస్తావు అంతే, చలికి చచ్చిపోవు.

కానీ జాకెట్ ఏదైనా సరే ఎక్కేటప్పుడు వేసుకోవద్దు. మనోళ్ళు దాదాపు అందరూ ఇక్కడే దెబ్బతింటారు. క్యాంపులో చలేస్తోందని లావు జాకెట్ వేసుకుని ఎక్కడం మొదలుపెడతారు, పావుగంటలో ఒళ్ళు వేడెక్కి చెమట పడుతుంది, లోపల కాటన్ బనియన్ ఉంటే అది ఆ చెమటంతా పీల్చుకుని ఒంటికి అతుక్కుపోతుంది, పైకెళ్ళి ఆగగానే ఆ తడి చల్లబడి వణుకు మొదలు. ఒళ్ళు కాస్త చల్లగా ఉండగానే నడక మొదలుపెట్టు, పది నిమిషాలకి అదే సర్దుకుంటుంది. నడిచేటప్పుడు లోపల పాలిఎస్టర్ థర్మల్, పైన పల్చటి ఫ్లీస్ (మెత్తటి బొచ్చు గుడ్డ స్వెటర్), గాలి కొడితే దాని మీద విండ్‌చీటర్ చాలు. డౌన్ జాకెట్ బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టుకో, ఆగిన వెంటనే, చలి తెలియకముందే తీసి వేసుకో. బ్యాగు అడుగున పెట్టిన జాకెట్ శిఖరం మీద వెతుక్కునేసరికి చేతులు కొంకర్లు పోతాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఈకల జాకెట్ తెచ్చాడండీ, అరచేతిలో పెట్టి చూస్తే బరువే లేదు, మా ఆయన మిలిటరీలో ఉన్నప్పుడు ఇచ్చిన కోటు అయితే రెండు చేతులా మొయ్యాల్సొచ్చేది. ఇంత తేలిక గుడ్డ మంచులో నిజంగా ఆపుతుందా?
*ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు*

జవాబు: ఆపుతుందమ్మా, అనుమానం పెట్టుకోవద్దు. మీకొచ్చిన అనుమానమే 1922లో ఎవరెస్ట్ ఎక్కడానికి వెళ్ళిన బ్రిటిష్ బృందానికీ వచ్చింది. వాళ్ళందరూ ఉన్ని కోట్లు, ట్వీడ్ బట్టలు వేసుకొస్తే జార్జ్ ఫించ్ అనే ఆయన మాత్రం బెలూన్లు కుట్టే గుడ్డ తెచ్చి అందులో ఐడర్ బాతు నూగు నింపి కోటు కుట్టించుకుని వచ్చాడు. ముందు మిగతావాళ్ళు నవ్వారు, పైకెళ్ళాక చలి కొట్టేసరికి ఆ కోటు ఎంత గొప్పదో వాళ్ళకే తెలిసింది. ఫించ్ ఆ యాత్రలో 8,300 మీటర్లు దాటి వెళ్ళాడు, అప్పటికి అంత ఎత్తుకి ఎవరూ వెళ్ళలేదు. ఆ తర్వాత 1940లో అమెరికాలో ఎడ్డీ బావర్ ఆయన డౌన్ జాకెట్ డిజైన్‌కి పేటెంట్ తెచ్చుకున్నారు. అంటే ఇది వందేళ్ళ నుంచీ మనుషులు వేసుకుని చూసిన సరుకు.

తేలిక గుడ్డకి ఒక బలహీనత ఉంది, మీ అబ్బాయికి చెప్పండి, పైన నైలాన్ చాలా పల్చన, ముళ్ళ కంపకి తగిలినా, మంట దగ్గర నిప్పురవ్వ పడినా చిల్లు పడి నూగు బయటికొస్తుంది. క్యాంప్ ఫైర్ దగ్గరికి ఆ జాకెట్‌తో వెళ్ళొద్దనండి. చిల్లు పడితే ఆ నూగు లాగకుండా వేలితో లోపలికి నెట్టి పైన రిపేర్ టేప్ అతికిస్తే సరి.

ప్రశ్న: మా అమ్మానాన్నల్ని వచ్చే మే నెలలో చార్‌ధామ్ తీసుకెళ్దామనుకుంటున్నాను, ఇద్దరికీ అరవై దాటాయి. కేదార్‌నాథ్‌లో గుర్రం మీద ఎక్కిద్దామని. వాళ్ళకి మంచి డౌన్ జాకెట్లు కొందామంటే అమ్మ ఒప్పుకోవట్లేదు, దేవుడి దగ్గరికి పోతూ పక్షి ఈకలు ఒంటి మీద వేసుకుంటామా అంటోంది. ఏం చెయ్యమంటారు?
*బ్యాంకు ఉద్యోగి, లబ్బీపేట*

జవాబు: అమ్మగారి మాట వినండి, ఈ యాత్రకి ఆవిడ చెప్పినదే సరైన ఎంపిక కూడా. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు, గౌరీకుండ్ నుంచి పదహారు కిలోమీటర్ల దాకా దారి. మే, జూన్‌లో అక్కడ మధ్యాహ్నం అయ్యేసరికి మబ్బు పట్టి వాన పడటం మామూలే, వానతో పాటు వడగళ్ళు, ఒక్కోసారి మంచు. డౌన్‌కి అన్నిటికన్నా పడనిది ఇలాంటి తడి చలే. నూగు తడిస్తే ముద్ద కట్టేస్తుంది, పొంగు పోతుంది, పొంగు పోతే వెచ్చదనం పోయినట్టే, ఆ చలిలో ఆరడానికి రోజులు పడుతుంది. నీళ్ళు పట్టకుండా మందు పెట్టిన డౌన్ అని కూడా అమ్ముతున్నారు, అది చిన్న తుంపరకి ఆగుతుంది గానీ గంటలు గంటలు వానలో కాదు.

సింథటిక్ అంటే సన్నటి పాలిఎస్టర్ పోగులతో చేసిన దూది. 1980లలో అమెరికా సైన్యం తడిసినా పనిచేసే సరుకు కావాలని అడిగితే దానికోసం తయారుచేసినదే ప్రైమాలాఫ్ట్, దాని తర్వాత అలాంటివి చాలా వచ్చాయి. తడిసినా పూర్తిగా అణిగిపోదు, తొందరగా ఆరుతుంది, ఇంట్లో మెషిన్‌లో ఉతుక్కోవచ్చు, ధర తక్కువ. బరువు కాస్త ఎక్కువ, మడిస్తే ఎక్కువ చోటు తింటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ కాస్త కాస్త అణుగుతుంది. మీవాళ్ళు బ్యాగు మోసుకుని నడవరు కాబట్టి ఆ బరువు సమస్యే కాదు.

ఇందులో జీఎస్ఎం అనే అంకె చూడాలి, ఒక చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల దూది అని. 60 అయితే నడిచేవాళ్ళకి, 100 గానీ ఆ పైన గానీ అయితే కూర్చునేవాళ్ళకి. మీవాళ్ళు గుర్రం మీద కూర్చుంటారు. చాలామంది దీన్ని పట్టించుకోరు గానీ నడిచే మనిషికి ఒళ్ళే వేడెక్కుతుంది, గుర్రం మీదో డోలీలోనో కూర్చున్న మనిషి కదలకుండా గంటలు గంటలు చలిగాలికి ఎదురు కూర్చుంటాడు, అందుకని పక్కన నడిచే మీకన్నా వాళ్ళకి వెచ్చటి జాకెట్ కావాలి. మీకు పల్చటిది చాలు. గుర్రం మీద కూర్చుంటే జాకెట్ నడుము మీదకి జరిగిపోతుంది, కాబట్టి పిరుదులు కప్పే పొడుగున్నది తీసుకోండి. అమ్మగారు చీర మీద వేసుకుంటారు గనక ఆ చీర కుచ్చిళ్ళ కింద ఉన్ని లెగ్గింగ్ తప్పనిసరి, కాళ్ళు చల్లబడితే పైన ఎంత వేసినా లాభం లేదు.

జాకెట్ మీద పూర్తి రెయిన్‌కోటు ఉండాలి, దారిలో అమ్మే పల్చటి ప్లాస్టిక్ పోంచో గాలికి చిరిగిపోతుంది. ఇంట్లో ఉన్న ఉన్ని స్వెటర్లు వదిలెయ్యకండి, జాకెట్ లోపల అవి చాలా బాగా పనిచేస్తాయి. మంకీ క్యాప్ సంగతి చెప్పక్కర్లేదు, నాన్నగారే ముందు సర్దుకుంటారు.

ఈకల విషయంలో ఒక మాట, మనసుకి ఇబ్బంది లేనివాళ్ళ కోసం. డౌన్ ఎక్కువగా మాంసం కోసం పెంచే బాతుల నుంచి వస్తుంది. బతికున్న పక్షి నుంచి పీకకూడదు, బలవంతంగా మేపకూడదు అనే షరతులతో ఆర్‌డీఎస్ (రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్) అని ఒక గుర్తింపు ఉంది, ట్యాగ్ మీద చూసుకోవచ్చు. అమ్మగారికి ఈ వివరాలేవీ వద్దు, ఆవిడ మనసు ప్రశాంతంగా ఉండటమే యాత్రలో ముఖ్యం.

ప్రశ్న: బ్రో, సంక్రాంతి సెలవుల్లో బైక్ మీద లంబసింగి, అక్కడి నుంచి వంజంగి. జాకెట్ కొనాలా? ఉన్న రైడింగ్ జాకెట్ సరిపోతుందా?
*సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మంగళగిరి*

జవాబు: కొత్తది కొనక్కర్లేదు. లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది, చలి బాగా ముదిరిన రోజుల్లో తెల్లారుజామున సున్నా దగ్గరికి వస్తుంది, అది నిజమే, కానీ నీ అసలు శత్రువు గాలి. 5 డిగ్రీల చలిలో గంటకి 60 కిలోమీటర్ల వేగంతో బండి నడిపితే ఒంటికి తగిలే చలి సున్నా కన్నా కింద, మైనస్ 2 ఉన్నట్టు ఉంటుంది. ఉన్ని స్వెటర్ ఎంత లావున్నా ఆ గాలి అల్లిక కన్నాల్లోంచి దూరిపోతుంది. రైడింగ్ జాకెట్ మెష్, అంటే జాలీ గుడ్డ, అయితే అదీ అంతే. దాని మీద వాన కోటు వేసుకో, గాలి ఆగిపోతుంది, తేడా నీకే తెలుస్తుంది. లోపల ఫ్లీస్ ఒకటి. బిగుతు రైడింగ్ జాకెట్ లోపల డౌన్ వేసుకుంటే నొక్కుకుపోయి పొంగు పోతుంది, అది దండగ. డబ్బులు మిగిలితే మంచి గ్లౌజులు కొనుక్కో, ఘాట్ రోడ్డులో బ్రేకు పట్టే వేళ్ళు మొద్దుబారకూడదు.

వంజంగిలో మబ్బులు చూడ్డానికి చీకట్లో కొండ ఎక్కుతారు, పైన సూర్యుడు వచ్చేదాకా కూర్చోవాలి. ఎక్కేటప్పుడు ఫ్లీస్ తీసి నడుముకి కట్టుకో, పైకెళ్ళాక వేసుకో.

ప్రశ్న: సార్, నేను గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్‌ని. లోపల 6, 7 డిగ్రీలు ఉంటుంది, బయట ఏప్రిల్, మేలో 42, 43. రోజుకి ఇరవైసార్లు లోపలికీ బయటికీ తిరగాలి. మా హమాలీలు గోనెసంచులు, పాత స్వెటర్లు కప్పుకుని పనిచేస్తారు. నాకూ వాళ్ళకీ ఎలాంటి జాకెట్లు మంచివి? మీరు కొండల వాళ్ళకే చెప్తారు, మా గురించి కూడా రాయండి.
*ఒక పాఠకుడు, గుంటూరు*

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగారండీ, ఇది మన ఊరి చలి. ట్రెక్కింగ్‌కి వెళ్ళేవాళ్ళు ఏడాదికి నాలుగు రోజులు చలిలో ఉంటారు, మీరు ఎండాకాలం అంతా ఉంటారు.

మీ దగ్గర సమస్య మైనస్ చలి కాదు, ఆ తిరుగుడు. చల్లటి గదిలో గంట ఉన్న జాకెట్ గుడ్డ కూడా చల్లబడి ఉంటుంది, దానితో బయటి ఉక్కలోకి రాగానే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టినట్టే గుడ్డ మీద నీరు పడుతుంది. పైన నీరు, లోపల చెమట. మళ్ళీ ఆ తడితోనే లోపలికి వెళ్తారు. వారం తిరిగేసరికి జాకెట్ వాసన, ఆ పైన దగ్గు, ఒళ్ళునొప్పులు. కాబట్టి మీకు డౌన్ అసలు వద్దు. పాలిఎస్టర్ దూది ఉన్నదే, అది కూడా 80, 100 జీఎస్ఎం దాటొద్దు, ఎందుకంటే బస్తాలు మోసేవాళ్ళకి ఒళ్ళే వేడెక్కుతుంది.

హమాలీలకి చేతుల్లేని జాకెట్లు, అంటే వెస్టులు, అన్నిటికన్నా బాగుంటాయి. ఛాతీ, వీపు వెచ్చగా ఉంటాయి, చంకలు తెరిచి ఉండటం వల్ల చెమట బయటికి పోతుంది, భుజం మీదకి బస్తా ఎత్తుకునేటప్పుడు చెయ్యి పట్టదు. పై గుడ్డ కాస్త గరుకైన గట్టి పాలిఎస్టర్ ఉండాలి, పల్చటి నైలాన్ గోనె రాపిడికి రెండు వారాలు ఆగదు. జిప్పు పెద్ద పళ్ళున్న ప్లాస్టిక్‌ది చూడండి, సన్నటి జిప్పులో కారం దుమ్ము ఇరుక్కుని బిగుసుకుపోతుంది. మెడ దగ్గర ఊలు కాలరు వద్దు, ఆ దుమ్ము అందులోనే చేరి మెడంతా మండుతుంది. సూపర్‌వైజర్‌గా మీరు ఎక్కువసేపు నిలబడి లెక్కలు రాసుకుంటారు కాబట్టి మీకు చేతులున్న జాకెట్, పొడుగున్నది, దానికి తోడు మందపాటి సాక్సులు, అడుగు లావున్న బూట్లు కావాలి. సిమెంటు నేల అరికాళ్ళ నుంచి వేడి లాగేస్తుంది, చాలామంది పైన రెండు జాకెట్లు వేసుకుని కింద హవాయి చెప్పులతో నిలబడతారు.

మనిషికి ఒక్కటి కాకుండా రెండేసి ఇప్పించమని మీ యాజమాన్యాన్ని గట్టిగా అడగండి, ఒకటి ఆరుతుంటే ఇంకొకటి వేసుకోవాలి. ఒకరిది ఇంకొకరు వేసుకునే పద్ధతి మాన్పించండి. బయటికి రాగానే విప్పి హ్యాంగర్‌కి తగిలించడం, బస్తాల మీద ముద్దగా పడెయ్యకపోవడం, ఇంతే. యూరప్ ప్రమాణాల్లో మైనస్ 5 కన్నా చల్లటి చోట్లకి ఈఎన్ 342, దానికన్నా తక్కువ చలికి ఈఎన్ 14058 అని గుర్తులుంటాయి. మిర్చి గదులకి రెండోది చాలు, మొదటిది రొయ్యలు, చేపలు గడ్డ కట్టించి దాచే ఫ్రీజర్లలో పనిచేసేవాళ్ళకి. గోనెసంచి కప్పుకుని ఆ చలిలో పనిచేయించడం తప్పండీ, ఒక వెస్టు ఖర్చు ఒక టిక్కీ (బస్తా) మిర్చి ధర ముందు ఎంత?

ప్రశ్న: బీసెంట్ రోడ్డులో, ఆన్‌లైన్‌లో పదిహేను వందలకే డౌన్ జాకెట్ అని చూశాను. నమ్మొచ్చా? షాపులో ఎలా చూసుకోవాలి?
*డిగ్రీ విద్యార్థిని, సత్యనారాయణపురం*

జవాబు: లోపల కుట్టిన చిన్న లేబుల్ చదవమ్మా. డౌన్ ఇంత శాతం, ఫెదర్ ఇంత శాతం అని ఉంటే అది డౌన్. పాలిఎస్టర్ ఫిల్ అని ఉంటే, పైన పెద్ద అక్షరాలతో ఏం రాసినా అది సింథటిక్, అలాగని అది చెడ్డది కాదు, డౌన్ ధర పెట్టి కొనకుండా ఉంటే చాలు. తర్వాత చెయ్యి మడత దగ్గర పిడికిలితో గట్టిగా పిండి వదిలెయ్యి. మంచి నూగైతే చూస్తుండగానే లేస్తుంది. పిండినప్పుడు పుల్లల్లా గుచ్చుకుంటే అందులో ఈకలు ఎక్కువ. లైటుకి ఎదురుగా పట్టుకుని చూస్తే గళ్ళల్లో ఎక్కడ ఖాళీగా ఉందో కనిపిస్తుంది, ముఖ్యంగా భుజాల మీద చూడు, నూగు అక్కడి నుంచే కిందకి జారుతుంది. రెండు గుడ్డలూ కలిపి సూటిగా కుట్టేసిన జాకెట్లో ఆ కుట్టు గీత వెంట లోపల ఏమీ ఉండదు, గాలి అక్కడ తగులుతుంది, మామూలు చలికి పర్వాలేదు, గట్టి మంచులోకైతే రెండు గుడ్డల మధ్యలో సన్నటి గుడ్డ గోడలు పెట్టి కుట్టినది కావాలి.

వేసుకుని చూసేటప్పుడు లోపల స్వెటర్ ఉండాలి, టీషర్ట్ మీద సరిపోయిందని కొనొద్దు. రెండు చేతులూ పైకెత్తు, నడుము బయటపడితే ఆ సైజు వద్దు. చేతులు ముందుకి కట్టుకుని చూడు, వీపు మీద బిగిస్తే దూది నొక్కుకుపోతుంది. మరీ వదులైతే కదిలినప్పుడల్లా కింద నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. జిప్పు వెనకాల గుడ్డ పట్టీ ఉందా, కింద బిగించుకునే తాడు ఉందా చూసుకో. చలికాలంలో మన ఊళ్ళకి వచ్చి అమ్మే టిబెటన్ల దగ్గర స్వెటర్లు, ఫ్లీసులు బాగుంటాయి, లోపలి పొరలకి అవి తీసుకోవచ్చు.

ప్రశ్న: ఆరేళ్ళ పాపతో మనాలి, రోహ్‌తాంగ్ వెళ్తున్నాం. పాపకి రెండు సైజులు పెద్దది కొంటే మూడేళ్ళు వస్తుందని మా అత్తగారు. కరెక్టేనా?
*ఒక తల్లి, అరండల్‌పేట*

జవాబు: యూనిఫామ్‌కి కరెక్ట్, దీనికి కాదు. లోపల ఖాళీ ఎక్కువుంటే పాప ఒళ్ళు ఆ గాలిని వేడి చెయ్యలేదు. ఒక సైజు పెద్దది చాలు. మంచు దగ్గర వేసుకునే లావు సూట్లు, గమ్‌బూట్లు దారిలో అద్దెకిస్తారు, ఒక్క రోజు కోసం కొనొద్దు, మీ దగ్గర మంచి థర్మల్స్, సాక్సులు, రెండు జతల గ్లౌజులు ఉంటే చాలు. మంచులో ఆడి గ్లౌజులు తడుపుకుంటుంది కదా, రెండో జత అందుకే. అద్దె సూటు ఇచ్చేటప్పుడు లోపల చెయ్యి పెట్టి చూడండి, ముందు వేసుకున్నవాళ్ళ తడి ఉంటే ఇంకొకటి ఇమ్మనండి.

ప్రశ్న: మా వారి డౌన్ జాకెట్ మామూలు సర్ఫు వేసి మెషిన్‌లో వేశాను, ఇప్పుడు గళ్ళల్లో ఉండలు కట్టేసింది. పాడైపోయినట్టేనా? మన ఊరి వేడిలో వీటిని ఎలా దాచాలి?
*ఒక గృహిణి, పటమట*

జవాబు: పాడవలేదమ్మా, సరిగ్గా ఆరలేదు అంతే, కంగారు పడకండి. బకెట్ గోరువెచ్చటి నీళ్ళల్లో మళ్ళీ నానబెట్టి, సబ్బు పూర్తిగా పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి జాడించండి. మామూలు సర్ఫు నూగుకి ఉండే సహజమైన నూనెని తీసేస్తుంది, ఈసారి డౌన్ వాష్ అని అమ్మే లిక్విడ్ గానీ అది దొరక్కపోతే చాలా మైల్డ్ లిక్విడ్ కొంచెం గానీ వాడండి. కంఫర్ట్ లాంటి సాఫ్ట్‌నర్లు, బ్లీచింగ్ అస్సలు వద్దు. పిండొద్దు, మెలిపెట్టొద్దు. నీళ్ళల్లోంచి తీసేటప్పుడు భుజాలు పట్టుకుని వేలాడదీస్తే నీటి బరువుకి లోపలి కుట్లు తెగుతాయి, కింద నుంచి రెండు చేతులతో ఎత్తి టవల్ మీద పరిచి నొక్కండి.

ఆరబెట్టడమే అసలు పని. మన ఇళ్ళల్లో డ్రయ్యర్లు తక్కువ, ఉన్నవాళ్ళు తక్కువ వేడి మీద రెండు మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులు వేసి తిప్పితే ఉండలు విడిపోతాయి. లేనివాళ్ళు మడత మంచం మీద పరిచి ఫ్యాన్ కింద పెట్టండి, గంటకోసారి వచ్చి ఒక్కో గడిలో ఉన్న ఉండని రెండు వేళ్ళతో మెల్లగా విడదీస్తూ ఉండాలి, తిరగెయ్యాలి. రెండు మూడు రోజులు పడుతుంది. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల తడి ఉంటుంది, ఆ తడితోనే బీరువాలో పెడితే ముక్కిపోయిన వాసన వచ్చేస్తుంది. చేత్తో పట్టుకుంటే ఎక్కడా చిన్న గడ్డ కూడా తగలకూడదు, అప్పుడు ఆరినట్టు. నడి ఎండలో రోజంతా పడెయ్యకండి, మన ఎండకి నైలాన్ బలం పోతుంది.

ఉతకడం కూడా ఊరికే ఉతకొద్దు, మెడ, మణికట్టు దగ్గర మురికి తడిగుడ్డతో తుడుచుకుంటే చాలు. ఏడాదికి ఒకసారి, శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయాక ఉతికి దాచుకోండి, అప్పుడు గాలి పొడిగా ఉండి తొందరగా ఆరుతుంది, వానాకాలంలో పెట్టుకుంటే అంతే సంగతులు. జాకెట్‌తో పాటు ఇచ్చే చిన్న సంచీ ప్రయాణానికే, అందులో కుక్కి పది నెలలు ఉంచితే పొంగు తగ్గిపోతుంది. హ్యాంగర్‌కి తగిలించి పైన పాత కాటన్ చీర ముక్క కప్పండి, ప్లాస్టిక్ కవరు వద్దు. కలరా ఉండలు వేస్తే ఆ వాసన నూగుకి పట్టి ఓ పట్టాన వదలదు, బదులుగా ఎండిన వేపాకు గుడ్డలో మూట కట్టి పక్కన పెట్టండి. ఆగస్టు, సెప్టెంబర్లో ముసురు పట్టినప్పుడు ఒకసారి బయటికి తీసి గంట సేపు ఫ్యాన్ గాలికి ఆరేసి మళ్ళీ తగిలించండి.